జాజ్ కచేరీలో మధ్యలో చప్పట్లు: మా నాన్నగారిని ఆపి తప్పు చేశానా?

గోదారిగట్టు | డిసెంబరు 21, రాత్రి 11:20

నిన్నటి నుంచి మనసు మనసులో లేదు. కచేరీలకి వెళ్ళే అలవాటున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చి నాలుగు నెలలైంది. వయసు 74. చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు మృదంగం నేర్చుకున్నారు. ఉద్యోగంలో పడ్డాక వాయించడం పోయింది కానీ వినడం పోలేదు. ఈ చలికి గడప దాటలేక టీవీ ముందు దిగాలుగా కూర్చుంటున్నారని, మా సిటీ కన్సర్ట్ హాల్లో ఏటా క్రిస్మస్ ముందు జరిగే బిగ్ బ్యాండ్ జాజ్ ప్రోగ్రాంకి టికెట్లు తీశాను. మామూలుగా సింఫనీలు జరిగే హాలది. తలుపులు మూశాక ఎవరైనా చాక్లెట్ కాగితం విప్పినా వినబడుతుంది.

మొదటి పాటంతా ఆయన ఇబ్బంది పడ్డారు. తొడ మీద సమానికి (తాళంలో మొదటి దెబ్బకి) దెబ్బ వేస్తుంటే ఎక్కడో తేడా వస్తోందన్నారు. తర్వాత డ్రమ్స్ అతని ఎడమ కాలు చూసి పట్టేశారు. ఆ కాలితో తొక్కే జోడు తాళాలు రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మూసుకుంటున్నాయి. "బరువు అటు పెట్టుకున్నారమ్మా వీళ్ళు" అని నా చెవిలో చెప్పారు. ఇక అక్కణ్ణుంచి ఆయన ముఖమే మారిపోయింది. 'శాంటా క్లాజ్ ఈజ్ కమింగ్ టు టౌన్' వచ్చేసరికి లెక్క కూడా కట్టేశారు. "పల్లవి రెండుసార్లు, మధ్యలో చరణం లాంటిదొకటి, మళ్ళీ పల్లవి. ముప్పై రెండు ఆవర్తాలు కాగానే వాయించే మనిషి మారుతున్నాడు." ట్రంపెట్ అతను సోలో (ఒక్కడే వాయించే వంతు) ముగించి కూర్చోగానే "భళా!" అని గట్టిగా అని చప్పట్లు కొట్టారు. అక్కడక్కడా ఇంకో పదిమంది కొట్టారు. ముందు వరసలో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

తర్వాత నట్‌క్రాకర్. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ బాలే నృత్యానికి రాసిన సంగీతాన్ని అమెరికన్ జాజ్ బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎలింగ్టన్, ఆయన సహరచయిత బిల్లీ స్ట్రేహార్న్ కలిసి 1960లో జాజ్‌గా తిరగరాశారు, అది. అందులో 'షుగర్ రమ్ చెర్రీ' అని చాలా నెమ్మదైన భాగం ఉంది. అసలు బాలేలో సన్నటి గంటల్లా మోగే సెలెస్టా అనే మెట్ల వాయిద్యం వాయించే చోట, ఇక్కడ టెనర్ సాక్సఫోన్ గొంతు తగ్గించి మాట్లాడినట్టు సాగుతుంది. అది వింటూ నాన్నగారు మళ్ళీ "ఆహా, భళా" అన్నారు. పక్క సీటాయన పెదవుల మీద వేలు పెట్టి మావైపు చూశాడు. నాకు టెన్షన్ వచ్చేసి నాన్నగారి చెయ్యి గట్టిగా నొక్కి, "నాన్నా, ఇక్కడ అలా అనకూడదు" అన్నాను.

ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు. కోటు ఒళ్ళో వేసుకుని చేతులు దాని కిందికి పెట్టేసుకున్నారు. ఇంటర్వెల్ అయ్యాక ఒకసారి అటు చూస్తే కోటు కింద వేళ్ళు కదులుతున్నాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. చప్పుడు రాకుండా తాళం లెక్కపెట్టుకుంటున్నారు. కారులో "బాగుందమ్మా" అన్నారు, అంతే.

జాజ్‌లో సోలో అవగానే చప్పట్లు కొట్టడం మామూలేనని ఇంటికొచ్చాక తెలిసింది. హాల్లో కూర్చున్నప్పుడు హాలు పద్ధతి పాటించాలా, జాజ్ పద్ధతి పాటించాలా?

ఐదోవరస | డిసెంబరు 22, ఉదయం 6:45

మీరు చేసింది తప్పు కాదండీ. నాన్నగారు బాధపడ్డారని మీరు బాధపడుతున్నారు, అది వేరే సంగతి.

ఒక సోలో ముగిసే చోటే ఇంకొకరి సోలో మొదలవుతుంది. చాలాసార్లు ముందతను వదిలిన చివరి మాటనే రెండో అతను అందుకుంటాడు. చప్పట్లు సరిగ్గా దాని మీద పడతాయి. పైగా సింఫనీ హాళ్ళు మైకు లేని వయొలిన్ల కోసం కట్టినవి, శబ్దం తొందరగా చావదు. క్లబ్బులో నాలుగు చప్పట్లు అక్కడికక్కడే పోతాయి. హాల్లో గోడలకి తగిలి తిరిగొస్తాయి.

జాజ్ అంటే అల్లరిగా వినాల్సిందేనని ఎవరన్నారు? జాజ్ బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ 1960లో స్టూడియోలో ఒక రికార్డు చేస్తూ, జనమే లేకపోయినా ఉన్నట్టే ఊహించుకుని, చప్పట్లు కొట్టొద్దు, గ్లాసుల్లో ఐసుముక్కలు గలగలలాడించొద్దు, గల్లాపెట్టె మోగించొద్దు అని చెప్పి మొదలుపెట్టాడు. క్లబ్బుల్లో ఎంత విసిగిపోయి ఉంటే అలా అంటాడు! మోడర్న్ జాజ్ క్వార్టెట్ అనే నలుగురి బృందం వాళ్ళు నల్ల సూట్లు వేసుకుని కన్సర్ట్ హాళ్ళలో వాయించింది, తమ సంగీతాన్ని తాగుడు మధ్యలో కాకుండా శ్రద్ధగా వినాలనే. 1943 జనవరిలో ఎలింగ్టన్ న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌కి 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' తీసుకెళ్ళింది కూడా తన పెద్ద రచనను అంతే శ్రద్ధగా వింటారనే. నల్లజాతి కళాకారులు కొట్లాడి సంపాదించుకున్న నిశ్శబ్దం అది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం.

ట్రోంబోన్ అమ్మ | డిసెంబరు 22, మధ్యాహ్నం 1:10

ఐదోవరస గారూ, స్టేజీ అవతలి నుంచి చూసిన సంగతొకటి చెబుతాను.

మా అబ్బాయి హైస్కూల్ జాజ్ బ్యాండులో ట్రోంబోన్ వాయిస్తాడు. రెండేళ్ళ క్రితం వాళ్ళ శీతాకాలం కచేరీ సిటీలోని ఒక పెద్ద ఆడిటోరియంలో పెట్టారు. వాడికది మొదటి సోలో. లేచాడు, మైకు దగ్గరికి నడిచాడు, పదహారు బార్లు (ఆవర్తాలు) వాయించాడు, తిరిగి కుర్చీకి నడిచాడు. పెద్ద హాలు కదా, తల్లిదండ్రులమంతా బిగుసుకుని కూర్చున్నాం. ఒక్క చప్పట్ల చప్పుడు లేదు. వాడి బూట్ల చప్పుడు మాత్రం వినబడింది. నాక్కూడా కొట్టాలనే ఉంది, పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని ఆగిపోయాను. ఇంటికొస్తూ వెనక సీట్లోంచి "నేను బాగా వాయించలేదా అమ్మా?" అన్నాడు.

ఆ తర్వాతి కచేరీ నుంచి వాళ్ళ బ్యాండు టీచర్ ముందే మైకులో చెబుతున్నారు: సోలో వాయించిన పిల్లలు వెనక్కి తిరగగానే చప్పట్లు కొట్టండి, అది వాళ్ళకి జవాబు, అని. లింకన్ సెంటర్ జాజ్ వాళ్ళు హైస్కూల్ బ్యాండ్ల కోసం ఏటా 'ఎసెన్షియల్లీ ఎలింగ్టన్' పోటీ నడుపుతారు. వాటి వీడియోలు చూడండి. సోలో అవగానే హాలంతా మోగిపోతుంది, తర్వాతి పిల్ల దాని మీదే అందుకుంటుంది. వాళ్ళకి ఆ చప్పుడు అడ్డు కాదు, ఊతం.

తనియావర్తనం | డిసెంబరు 22, సాయంత్రం 5:30

హాలు పద్ధతి, హాలు పద్ధతి అంటున్నాం. ఆ పద్ధతి ఎప్పటిది?

స్వరకర్త మొత్సార్ట్ 1778లో పారిస్‌లో తన సింఫనీ వాయించారని తండ్రికి ఉత్తరం రాశాడు. జనానికి నచ్చుతుందని తెలిసే ఒక చోటు పెట్టాననీ, అనుకున్నట్టే సరిగ్గా అక్కడ, వాయిద్యం నడుస్తుండగానే, చప్పట్లు కొట్టారనీ సంతోషంగా రాసుకున్నాడు. ఈ మౌనం ఆ తర్వాత వంద, నూటయాభై ఏళ్ళలో మెల్లగా స్థిరపడింది. 1882లో జర్మనీలోని బైరాయిట్‌లో తన 'పార్సిఫల్' ఒపేరా ఆడుతున్నప్పుడు స్వరకర్త వాగ్నర్ తనే ఒక సన్నివేశం అవగానే "బ్రావో" అని అరిచాడు. చుట్టుపక్కల వాళ్ళు ష్ ష్ అని ఆయన్నే ఆపారు. రాసినవాడే ఉండబట్టలేక అరిస్తే నోరు మూయించారు! గోదారిగట్టు గారూ, మీ నాన్నగారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ఐదోవరస గారు కార్నెగీ హాల్ అన్నారు. 1891లో ఆ హాలు ప్రారంభోత్సవానికి వచ్చి తన రచన తనే నడిపించినవాడు చైకోవ్‌స్కీ. 1938 జనవరి 16న బెన్నీ గుడ్‌మన్ జాజ్ బ్యాండు అదే స్టేజీ మీద వాయించింది. రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది, జనం చప్పట్లతో సహా. అదే ఏడాది డిసెంబరు 23న, క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, 'స్పిరిచువల్స్ టు స్వింగ్' అని నల్లజాతి సంగీతాన్ని చర్చి పాట నుంచి కౌంట్ బేసీ బ్యాండు దాకా ఆ హాల్లోనే వినిపించారు. చర్చిలో పాట నడుస్తుంటే జనం మధ్యలో పలకడం ఆ సంగీతానికి పుట్టుకతో వచ్చింది. గాయకుడు ఒక మాట అంటాడు, జనం ఒక మాట అంటారు. అది తీసేస్తే మిగిలేది సగం పాట.

మన కచేరీల్లో మాత్రం? నెరవులు (ఒకే పాదాన్ని రకరకాలుగా పాడటం) ఒక చోట చక్కగా పడితే ముందు వరసల్లోంచి "భేష్" రాకపోతే గాయకుడికి దిగులు. తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) అవగానే పాట ఇంకా మిగిలి ఉండగానే చప్పట్లు కొడతాం. మీ నాన్నగారు భాష తెలియని సంగీతంలో ముప్పై రెండు లెక్కపెట్టి సరిగ్గా ముగింపు దగ్గర భళా అన్నారు. ఆ హాల్లో అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఎందరుంటారు?

ఐదోవరస | డిసెంబరు 22, రాత్రి 9:15

తనియావర్తనం గారూ, చరిత్ర బాగా చెప్పారు. కాదనను. 1956లో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ఎలింగ్టన్ బ్యాండులోని పాల్ గొన్సాల్వెస్ వరసగా 27 ఆవృత్తులు (పాట చుట్లు) టెనర్ సాక్సఫోన్ వాయించడం, జనం లేచి ఊగిపోవడం, దాంతో ఎలింగ్టన్ మళ్ళీ వెలుగులోకి రావడం నాకూ తెలుసు. కానీ అది ఆరుబయట.

నా మాట ఇంత గట్టిగా ఎందుకు వస్తోందో చెప్పాలి. నాకు ఆరేళ్ళుగా రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్ ఉంది. నెమ్మది పాటలో బేస్ తీగ మీద వేలు జారే చప్పుడు వినడానికి మెషీన్ పెంచుకుని కూర్చుంటాను. పక్కన ఎవరో ఫట్‌మని చప్పట్లు కొడితే అది నాకు చెంపదెబ్బలా తగులుతుంది. తర్వాత కొన్ని సెకన్లు ఏమీ వినపడదు. అందుకే ముందు వరసల్లో టికెట్ కొంటాను, నా వెనక వాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళకి నా సంగతి తెలియదు. ఆ వేలు పెట్టిన పక్క సీటాయన కూడా నాలాంటివాడేమో.

జోరు పాటలో సోలో అయ్యాక కొట్టండి, నేనూ కొడతాను. 'షుగర్ రమ్ చెర్రీ'లో మాత్రం కాదు. అక్కడ నా మాట మార్చుకోను.

ట్రోంబోన్ అమ్మ | డిసెంబరు 22, రాత్రి 9:50

చెవుల సంగతి తెలియక మాట్లాడాను, ఏమనుకోకండి. నెమ్మది పాట విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. వాయించే పిల్లలకి కూడా అక్కడ ఊపిరి చప్పుడుతో సహా పని ఉంటుంది.

అయినా ఆ పెద్దాయన చప్పట్లు కొట్టలేదు, నోటితో మెల్లగా ఆహా అన్నారు. వేలు చూపించడం నాకు నచ్చలేదు.

తనియావర్తనం | డిసెంబరు 22, రాత్రి 10:05

నేను ఒప్పుకోను. నెమ్మది పాటలోనే మనిషి నోటి వెంట ఆహా వస్తుంది. ఆలాపన వింటూ ఎవరైనా దాచుకుని ఇంటికొచ్చి అంటారా?

కూకట్‌పల్లి టు కొలంబస్ | డిసెంబరు 23, ఉదయం 8:00

అందరూ మర్చిపోతున్నదొకటి ఉంది. ఇవి పండగ కచేరీలు. ఏడాదంతా సింఫనీకి సీజన్ టికెట్ ఉన్నవాళ్ళు వస్తారు, వాళ్ళకి మౌనం అలవాటు. ఏడాదికి ఈ ఒక్కసారే హాలు మెట్లెక్కే కుటుంబాలు వస్తాయి, వాళ్ళకి ఏ అలవాటూ లేదు. జాజ్ క్లబ్బులకి వెళ్ళేవాళ్ళు ఏ కొద్దిమందో. అందుకే అందరూ పక్కవాళ్ళ చేతులవైపు చూస్తూ కూర్చుంటారు. నేనైతే బ్యాండ్ లీడర్‌ని చూస్తాను. సోలో అవగానే ఆయన ఆ మనిషివైపు చెయ్యి చాపి పేరు చెప్పాడంటే చప్పట్లు కోరుతున్నట్టే. చెయ్యి చాపకుండా కళ్ళు మూసుకుని ఉన్నాడంటే నేనూ ఊరుకుంటాను.

గోదారిగట్టు | డిసెంబరు 23, రాత్రి 10:30

అందరికీ థాంక్స్. ఇవాళ నాన్నగారికి ఇవన్నీ చదివి వినిపించాను. వాగ్నర్ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. ఐదోవరస గారి చెవుల మాట విని కాసేపు మాట్లాడలేదు. "పాపం, నేను ఆయన వెనకే కూర్చుని ఉంటే" అన్నారు.

నేను ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నా మీద కోపం వచ్చిందా నాన్నా అని. కోపం లేదన్నారు. "నువ్వు చెయ్యి నొక్కినప్పుడే ఆ డ్రమ్స్ అబ్బాయి నడక మార్చాడు. ఎలా మార్చాడో చూద్దామనుకునేలోపు అయిపోయింది. అదొక్కటే నా బాధ" అన్నారు. పక్కాయన వేలు గుర్తే లేదాయనకి. గుర్తున్నది నా చెయ్యే.

సాయంత్రం ఎలింగ్టన్ రికార్డు పెట్టాను. భోజనాల బల్ల దగ్గర కూర్చుని మొత్తం విన్నారు. 'షుగర్ రమ్ చెర్రీ' వచ్చినప్పుడు తాళం ఆపేసి, అరచేతులు బల్ల మీద బోర్లా పెట్టుకుని ఊరికే ఉన్నారు. రికార్డులో వాళ్ళ డ్రమ్స్ నడక మారలేదట. ఆ అబ్బాయి సొంతంగా చేసిందేనట.

జనవరి 20న ఆయన తిరుగు ప్రయాణం. ఈలోపు ఇంకో జాజ్ కచేరీకి తీసుకెళ్ళాలని ఉంది. పెద్ద హాలు కాకపోయినా పర్లేదు.

ట్రోంబోన్ అమ్మ | డిసెంబరు 23, రాత్రి 10:55

మీరు ఏ ఊళ్ళో ఉంటారో మెసేజ్ పెట్టండి. దగ్గరైతే జనవరి రెండో శనివారం మా అబ్బాయి స్కూలు కెఫెటీరియాలో కచేరీ ఉంది. మడత కుర్చీలు, టికెట్ లేదు. మీ నాన్నగారిని ముందు వరసలో కూర్చోబెడతాను. మావాడికి సోలో ఉంది.

గోదారిగట్టు | డిసెంబరు 23, రాత్రి 11:05

మెసేజ్ పెట్టాను, గంటన్నర దూరమే. నాన్నగారికి ఇప్పుడే చెప్పాను. "ఆ పిల్లాడిది మొత్తం ముప్పై రెండా?" అని అడుగుతున్నారు.

ట్రోంబోన్ అమ్మ | డిసెంబరు 23, రాత్రి 11:08

ఈసారి మొత్తం ముప్పై రెండూ వాడిదేనని చెప్పండి.