ఆరుబయట నిలబెట్టిన డకోటా, పాత జెట్ ఫైటర్: రంగు వేసే ముందు ఏమేం చూడాలి?

తోకచక్రం:
మ్యూజియం సేకరణలో రెండు విమానాలు ఆరుబయట కాంక్రీటు మీద ఉన్నాయి. ఒకటి రెండో ప్రపంచయుద్ధకాలపు రవాణా విమానం సీ-47 డకోటా, రెండోది ఒంటి ఇంజిన్ జెట్ ఫైటర్. రెండింటికీ మళ్లీ రంగు వేయించాలని ప్రతిపాదన వచ్చింది. ప్రస్తుతం పరిస్థితి ఇది: డకోటా రెక్కల మధ్యభాగం, బయటిభాగం కలిసేచోట ఉన్న పట్టీ కింద నుంచి తెల్ల పొడి రాలుతోంది. పొట్ట కింద రివెట్ల చుట్టూ రంగు బుడగలెత్తింది. చుక్కాని మీది గుడ్డ పెళుసుబారింది. ఫైటర్ కనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) లోపలి వైపు చెమ్మ పడుతోంది, ఒక ప్రధాన చక్రం టైరు అణిగిపోయి విమానం అటు ఒరిగింది. మున్ముందు కాక్‌పిట్‌లోకి సందర్శకులను అనుమతించాలన్న ఆలోచన కూడా ఉంది. పనులు ఏ వరుసలో చేయాలి? రంగుతో మొదలుపెట్టడం సరైనదేనా?

రివెట్‌గన్:
రంగు ఆఖరి పనండీ. మీరు చెప్పిన బుడగలు రంగు పాడై వచ్చినవి కావు, రేకు లోపలి నుంచి లేస్తున్నవి. పైన రంగు వేస్తే నీటిని లోపల పెట్టి మూత వేసినట్టే. ముందు నీరు ఎక్కడ చేరుతోంది, ఎక్కడ ఆగుతోంది అన్నది తేల్చాలి.

పొట్ట కింద, రెక్కల అడుగున, ఎలివేటర్లు (తోక మీది అడ్డ పలకలు), ఫ్లాపుల (రెక్కల వెనక దిగే పలకలు) వెనక అంచుల్లో చిన్న డ్రెయిన్ రంధ్రాలుంటాయి. సగం సేకరణల్లో ఇవి పాత రంగుతోనో, పక్షి గూళ్ల చెత్తతోనో మూసుకుపోయి ఉంటాయి. మాన్యువల్ బొమ్మ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ లెక్కచూసి, నైలాన్ కడ్డీతో తెరవండి. డ్రిల్లు పెట్టకండి, రంధ్రం అంచు మీది రక్షణ పొర పోతుంది. ఇంకో సంగతి. డకోటా నేలమీద తోక దించుకుని నిలబడుతుంది కాబట్టి ఫ్యూజ్‌లాజ్‌లో (విమానం మొండెంలో) నీరంతా వెనక్కి జారి తోక దగ్గరి ఫ్రేముల మధ్య ఆగుతుంది. లోపలి నుంచి బోర్‌స్కోప్‌తో (సందుల్లోకి దూర్చే సన్నటి కెమెరా గొట్టం) మొదట చూడాల్సింది అక్కడే. మీ ఫైటర్ ఒక పక్కకు ఒరిగిందన్నారు. అంటే దాని డ్రెయిన్ రంధ్రాలు ఇప్పుడు అన్నిటికన్నా పల్లంలో లేవు. టైరు సరిచేయడం కూడా తుప్పు పనిలో భాగమే.

ఆ పట్టీ సంగతి అన్నిటికన్నా తీవ్రమైనది. దాని కింద రెక్క బయటిభాగాన్ని మధ్యభాగానికి పట్టి ఉంచే కోణపు కమ్మీలు, వాటిలో వందలకొద్దీ స్టీలు బోల్టులు ఉంటాయి. అల్యూమినియం, స్టీలు, తడి మూడూ ఒకచోట చేరితే అరిగేది అల్యూమినియమే. పట్టీ పూర్తిగా విప్పి, కమ్మీల అంచులను పక్క నుంచి వెలుగు పెట్టి చూడండి. లోహం ఉల్లిపొరల్లా విచ్చుకుంటూ ఉంటే అది ఎక్స్‌ఫోలియేషన్, గీకి సరిచేసే స్థాయి దాటినట్టే. అలాంటిచోట నిర్మాణ ఇంజినీరు చూసేదాకా ఆ రెక్క కింద మనుషులు తిరగకూడదు.

పైపై తెల్ల పొడికి: నైలాన్ రాపిడి ప్యాడ్, నీళ్లు, తటస్థ పీహెచ్ డిటర్జెంటు. స్టీలు పీచు, ఇనప బ్రష్షు వద్దు. ఇనుము రేణువులు అల్యూమినియంలో దిగబడి కొత్త గుంటలకు మొదలవుతాయి. డకోటా రేకు ఆల్‌క్లాడ్, అంటే గట్టి మిశ్రమలోహం మీద రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర. పల్చటి రేకుల్లో ఆ పొర ఒక్కో వైపు మందంలో సుమారు 5 శాతం. 1 మి.మీ. రేకుకు 0.05 మి.మీ. మాత్రమే. మెరుపు కోసం ఏటా పాలిష్ చేస్తే పోయేది అదే, అది పోయాక లోపలి లోహం త్వరగా గుంటలు పడుతుంది. గీకినచోట మిగిలిన మందాన్ని అల్ట్రాసోనిక్ గేజ్‌తో కొలిచి, ప్యానెల్ వారీగా రాసిపెట్టండి.

ఆ తర్వాత కన్వర్షన్ కోటింగ్ (లోహం మీద రసాయనంతో ఏర్పరిచే రక్షణ పొర), ప్రైమర్, రంగు. ఏసీఎఫ్-50 లాంటి పాకే నూనెలు అతుకుల లోపలికి పట్టించేది రంగు ఆరిన తర్వాతే. ముందే కొడితే అది సందుల్లోంచి కారుతూ ఉంటుంది, దాని మీద రంగు నిలవదు.

పాతరంగులు:
పైన చెప్పిన వరుసతో ఏకీభవిస్తాను, ఒక్క మెట్టు మాత్రం చేర్చాలి. ప్యాడ్ చేతపట్టే ముందే రికార్డింగ్ పూర్తి కావాలి. పాత రంగుల కింద ఆ విమానం చరిత్ర ఉంటుంది: స్క్వాడ్రన్ గుర్తులు, మారిన రిజిస్ట్రేషన్ అక్షరాలు, యుద్ధం తర్వాత పౌర సంస్థల చేతికి వెళ్లిన డకోటాలైతే వాటి రంగుచారలు. ఒకసారి స్ట్రిప్పర్ (పాత రంగును ఊడదీసే ద్రావకం) పూశాక ఇవి తిరిగి రావు.

చేసే పద్ధతి ఇది. గుర్తులుండే అవకాశమున్న చోట్లు, అంటే తలుపు పక్కన, ముక్కు, ఫిన్, రెక్కల అడుగు ఎంచుకోండి. ఒక్కో చోట అగ్గిపెట్టె అంత జాగాలో తడి ఎమెరీ కాగితంతో మెట్లుమెట్లుగా రుద్దితే ఒక్కో రంగు పొర వలయంగా బయటపడుతుంది. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, ప్రతి పొరనూ రంగు ప్రమాణాల కార్డుతో పగటి వెలుగులో పోల్చండి. బ్రిటిష్ విమానాలకు బీఎస్ 381సీ, అమెరికన్ వాటికి ఎఫ్‌ఎస్ 595 (2017 నుంచి ఏఎంఎస్-ఎస్‌టీడీ-595) అనే రంగు ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి. చిన్నచిన్న స్టెన్సిల్ అక్షరాలను పారదర్శక ఫిల్మ్ మీద ట్రేస్ చేయండి. అసలు రంగు నిలిచి ఉన్న భాగం దొరికితే దాన్ని రంగుతో కప్పేయకుండా, ఆ ప్యానెల్ విప్పి లోపల దాచడం మేలు. పెచ్చులూడే అసలు రంగును పారలాయిడ్ బీ-72 అనే పారదర్శక రెజిన్‌తో నిలబెట్టవచ్చు. అవసరమైతే దాన్ని అసిటోన్‌తో కరిగించి తిరిగి తీసేయవచ్చు కూడా. సంరక్షణలో దానికి అంత విలువ అందుకే.

ఒక హెచ్చరిక. పాత ప్రైమర్ పసుపుపచ్చగానో, ఆకుపచ్చగానో ఉంటే అది జింక్ క్రోమేట్ అనుకునే పని చేయండి. అందులోని హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. పొడిగా రుద్దడం, గాలితో ఊదడం అసలు కూడదు. తడిగా రుద్ది, పీ-3 మాస్క్ (సన్నటి ధూళిని ఆపే రకం) వేసుకుని, ఆ మురికినీటిని కాలువలోకి వదలకుండా పట్టి పంపాలి.

రంగు ఎంపికలో మ్యాట్ అడుగుతారు, యుద్ధకాలపు విమానమని. ఆరుబయట మ్యాట్ రంగు మురికిని, రెట్టను పట్టుకుంటుంది, త్వరగా పొడిబారుతుంది. శాటిన్ మెరుపు దగ్గర రాజీపడటం నయం. ఇక డకోటాను రంగు లేకుండా లోహం మెరుపుతో ఉంచమనే వాళ్లు హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఎనోలా గేను చూపిస్తారు. 1984లో పునరుద్ధరణ మొదలైన ఆ బీ-29, 2003 నుంచి పైకప్పు కింద, అదుపులో ఉన్న వాతావరణంలో ఉంది. ఆరుబయటి విమానానికి ఆ పోలిక చెల్లదు.

తోకచక్రం:
ఇద్దరికీ ధన్యవాదాలు. కాక్‌పిట్ గురించి కూడా చెప్పండి. ఫైటర్‌లోని ఎజెక్షన్ సీటుకు (ఆపదలో పైలట్‌ను బయటకు విసిరే సీటు) నిర్వీర్యం చేసినట్టు ఒక పాత ట్యాగ్ వేలాడుతోంది, కాగితాలు మాత్రం లేవు. డకోటాలో రెండు డయళ్ల అద్దాలు పగిలి, లోపలి అంకెల మీది గోధుమరంగు పూత పొడిగా రాలింది. చీకట్లో చూస్తే వెలగడం లేదు, కాబట్టి ప్రమాదం లేదనుకోవచ్చా?

ఎర్రపిన్ను:
రెండింటికీ ఒకటే జవాబు: కాక్‌పిట్‌లోకి ఎవరూ వెళ్లకూడదు, ఈ రోజు నుంచే.

ముందు సీటు. ట్యాగ్ రుజువు కాదు. సీటులో పేలుడు పదార్థం ఒక్కచోట ఉండదు. సీటును పైకి నెట్టే ప్రధాన గన్, చిన్న పారాచూట్‌ను విసిరే డ్రోగ్ గన్, పట్టీలను విడదీసే యంత్రాంగం, రకాన్ని బట్టి అడుగున రాకెట్ ప్యాక్ ఉంటాయి. వీటికి తోడు సీటుతో సంబంధం లేకుండా కనోపీని విసిరేసే కార్ట్రిడ్జ్‌లు (మందుగుళికలు) వేరు. కొన్ని ఫైటర్ల కనోపీ అద్దానికే మెలికలుగా అంటించిన పేలుడు తీగ ఉంటుంది. సీటును నిర్వీర్యం చేసి కనోపీ సంగతి మరచిపోవడం ఇందులో మామూలుగా జరిగే పొరపాటు. పాతబడితే మందు చల్లారిపోతుందనుకోకండి. పాత ప్రొపెల్లెంటు అస్థిరమవుతుంది. ఆ రకం సీటు మీద అర్హత ఉన్న ఆయుధ సాంకేతిక నిపుణుడు ఒక్కో కార్ట్రిడ్జ్‌నూ బయటకు తీసి, ఖాళీ గూడు ఫొటోతో, సీరియల్ నంబరుతో రాతపూర్వకంగా ఇవ్వాలి. అదొచ్చేదాకా హ్యాండిళ్లకు సేఫ్టీ పిన్నులు ఉన్నాయో లేదో చూడటానికైనా మీరు లోపలికి వంగవద్దు. ఇంజిన్ అగ్నిమాపక సీసాల తలల మీది స్క్విబ్‌లు (సీసాను తెరిచే చిన్న పేలుడు గుళికలు), ఇంజిన్‌ను మందుగుళికతో తిప్పే కార్ట్రిడ్జ్ స్టార్టర్లు, ఆక్సిజన్ సీసాలు కూడా అదే జాబితాలో పెట్టించండి.

ఇక డయళ్లు. వెలగకపోవడానికీ రేడియేషన్‌కీ సంబంధం లేదు. వెలుగునిచ్చేది రేడియంతో కలిపిన జింక్ సల్ఫైడ్, అది కొన్నేళ్లకే దెబ్బతిని ఆరిపోతుంది. రేడియం-226 అర్ధాయువు సుమారు 1,600 ఏళ్లు, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎంత ఉందో దాదాపు ఇప్పుడూ అంతే ఉంది. అద్దం బాగున్న డయలుతో ప్రధానంగా దూరం పాటిస్తే సరిపోతుంది. అద్దం పగిలి పొడి రాలితే, ఆ పొడిని పీల్చడమో మింగడమో అసలు ప్రమాదం. ఊడ్చకండి, మామూలు వ్యాక్యూమ్ పెట్టకండి. దేశంలోని రేడియేషన్ భద్రతా సంస్థ అనుమతి ఉన్నవారిని పిలిచి కొలిపించి, డయళ్లను తీయించి, రెండు పొరల సంచుల్లో మూసి, లేబుల్ వేసి, గాలి ఆడే ప్రత్యేక గదిలో తాళం వేసి ఉంచాలి. ప్యానెల్‌లో వాటి స్థానంలో ముద్రించిన నకళ్లు పెడితే సందర్శకుడి కంటికి తేడా తెలియదు. అద్దాలు పగలని డయళ్లున్నా సరే, మూసి ఉన్న కాక్‌పిట్‌లో రేడాన్ వాయువు చేరుతుంది. తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చాకే పని మొదలుపెట్టాలి.

మీ సేకరణలోకి పెద్ద జెట్ విమానాలు వస్తే ఇంకొకటి గుర్తుంచుకోండి. తొలినాళ్ల బోయింగ్ 747, డీసీ-10 తోక భాగాల్లో సంతులనం కోసం డిప్లీటెడ్ యురేనియం బరువులు వాడారు. వాటిని డ్రిల్ చేయడం, ఆకురాయి పెట్టడం నిషిద్ధం.

జాక్‌పాయింట్:
టైరు ఎలా సరిచేయాలో ఎవరూ వివరించలేదు కాబట్టి చెబుతాను. ఫైటర్‌ను ఎత్తే ముందు మూడు పనులు: అండర్‌క్యారేజ్ (చక్రాల కాళ్లు) ముడుచుకోకుండా గ్రౌండ్ లాక్ పిన్నులు వేయాలి, కాక్‌పిట్ సంగతి తేలి ఉండాలి, బరువు కేంద్రం ఎక్కడుందో లెక్క చూడాలి. మూడోది చాలామంది వదిలేస్తారు. ముక్కులోంచి రాడార్, ఫిరంగి, మందుగుండు తీసేసిన ఫైటర్ ఇంజిన్ అలాగే ఉంటే తోక బరువెక్కి ఉంటుంది. ప్రధాన చక్రాల దగ్గర ఎత్తగానే ముక్కు లేచిపోతుంది. ముక్కులో బరువు పెట్టండి, లేదా తోక కింద స్టాండ్ పెట్టండి. తోకలో నాలుగు ఇంజిన్లున్న ఇల్యూషిన్ ఐఎల్-62కు ఖాళీగా నిలిపినప్పుడు దించడానికి తోక కింద చిన్న చక్రాల కాలే అమర్చారు. వెనక ఇంజిన్ల విమానాలను ప్రదర్శనకు పెట్టేటప్పుడు ఆ జాగ్రత్త తప్పదు.

ఓలియోలోని (చక్రపు కాలిలో కుదుపును మింగే నూనె-గాలి గొట్టం) నత్రజనిని మాన్యువల్ ప్రకారం నెమ్మదిగా వదిలి, పిస్టన్ కడ్డీ బయటికి తేలి ఉన్న పొడవుకు సరిపడా రెండు ముక్కల కాలర్ బిగిస్తే విమానం ఇక కిందికి దిగదు. వాల్వును ఒక్కసారిగా విప్పితే నూనె, గాలి తూటాలా వస్తాయి. టైరులో గాలి పూర్తిగా తీసే దాకా రెండు ముక్కల చక్రపు బోల్టులను ముట్టుకోవద్దు. పాత చక్రాలు చాలా వరకు మెగ్నీషియం మిశ్రమాలు. టైరు కింద తడి కాంక్రీటు తగిలినచోట రిమ్ము బూడిదలా రాలిపోయి ఉండొచ్చు. ఆ రిమ్ములో మళ్లీ గాలి నింపడం ఆత్మహత్యే. ప్రదర్శనకైతే యాక్సిల్ కింద స్టీలు స్టాండ్ పెట్టి బరువంతా దానిమీదకు దించి, టైరు నేలను తాకీ తాకనట్టు ఉంచడం సరైన పద్ధతి. స్టాండ్‌కూ విమానానికీ మధ్య నియోప్రీన్ పలక వేయండి.

డకోటా ఖాళీ బరువు సుమారు 8 టన్నులు. అంత బరువున్నా పెద్ద రెక్క కాబట్టి ఈదురుగాలికి కదులుతుంది. రెక్కల టై-డౌన్ రింగులు, తోక మూడూ నేలలోని లంగర్లకు కట్టాలి. ఐలరాన్లు (రెక్కల చివర కదిలే పలకలు), ఎలివేటర్లు, చుక్కాని మూడింటికీ బయటి కంట్రోల్ లాకులు వేసి ఉంచాలి. లాకు లేకుంటే పెళుసు గుడ్డ చిరగడమే కాక, గాలికి కొట్టుకుని హింజిలు కూడా అరిగిపోతాయి.

తోకచక్రం:
చుక్కానికి కొత్త గుడ్డ వేయాలంటే పాతకాలపు నూలు గుడ్డే వేయాలా?

పాతరంగులు:
లోపల ఉంచే విమానానికి నూలు, డోప్ (గుడ్డను బిగించే లక్క లాంటి పూత) అసలుకు దగ్గరగా ఉంటాయి. ఆరుబయట వేస్తే ఎండ అతినీలలోహిత కిరణాలకు నిలవదు. పాలిస్టర్ గుడ్డ తీసుకోండి, కానీ పాత గుడ్డలో ఒక ముక్కను కుట్ల వరుసలతో, డోప్ పొరలతో సహా కత్తిరించి ఆమ్లరహిత కాగితంలో భద్రపరచండి. కుట్టు దూరం, టేపు వెడల్పు, డ్రెయిన్ గ్రోమెట్ల స్థానం కొలిచి బొమ్మ గీసుకోండి. పాలిస్టర్‌ను ఇస్త్రీ పెట్టెతో రెండు దశల్లో, మొదట 121, తర్వాత 177 డిగ్రీల సెల్సియస్ దగ్గర బిగిస్తారు. పెట్టె ఉష్ణోగ్రతను థర్మామీటరుతో సరిచూడాలి, ఎక్కువైతే సన్నటి వెనక అంచు వంగిపోతుంది. తర్వాత అల్యూమినియం పొడి కలిపిన వెండిరంగు పూతలు తప్పనిసరి, ఎండను ఆపేది అవే. నైట్రేట్ డోప్ ఉన్న పాత గుడ్డ మీద ఇస్త్రీ పెట్టడం మాత్రం మంట కొనితెచ్చుకోవడమే.

రివెట్‌గన్:
కనోపీ చెమ్మకు ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పేస్తుంటారు, దాని కింద తేమ ఇంకా పెరుగుతుంది. గాలి పీల్చే గుడ్డ కవరు వాడి, కనోపీకి కవరుకు మధ్య మెత్తటి ఆనికలు పెట్టి ఖాళీ ఉంచండి. ఇంటేక్, జెట్ పైపులను చెక్కతో పూర్తిగా మూయకండి, పక్షులు దూరలేని సన్న జాలీ బిగించండి. పెర్‌స్పెక్స్‌ను (కనోపీ తయారైన పారదర్శక ప్లాస్టిక్) ముందు నీళ్లతో బాగా తడిపి, దుమ్ము కొట్టుకుపోయాక, చేత్తోనో మెత్తటి నూలుబట్టతోనో సబ్బు నీళ్లు రాయండి. అమ్మోనియా ఉండే గాజు క్లీనర్లు, పెట్రోలు, అసిటోన్ తగిలితే సన్నటి పగుళ్లు లోతుగా దిగుతాయి, వాటిని పాలిష్‌తో తీసేయలేం.