మొజెస్కా క్యాన్యన్‌కి ఆ పేరెలా వచ్చింది?

ఇర్విన్_కిట్టు:
మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని ఇక్కడ దక్షిణ కాలిఫోర్నియాలో కొండల వైపు డ్రైవ్‌కి వెళ్తే మొజెస్కా క్యాన్యన్ అని బోర్డు కనిపించింది. ఏ స్పానిష్ పేరో అనుకున్నా, కానీ అక్కడొకాయన అది పోలండ్ నటి పేరు, ఆవిణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టారు అన్నాడు. నిజమేనా? పోలండ్ నటికి ఈ కొండల్లో ఏం పని?

నాటకాల_పిచ్చి:
హెలెనా మొజెస్కా. 1840లో క్రాకోలో పుట్టింది, వార్సాలో పెద్ద స్టార్. 1876లో భర్త, కొడుకు, కొందరు స్నేహితులతో అనహైమ్ వచ్చి వ్యవసాయం పెట్టారు. తర్వాత నోబెల్ అందుకున్న పోలండ్ రచయిత షెన్‌కెవిచ్ కూడా ఆ గుంపులోవాడే. ఆ సేద్యం ఎంత చక్కగా సాగిందంటే, ఆవులున్నాయి కానీ పితికేవాళ్లు లేక పాలూ వెన్నా బయట కొనుక్కున్నారు, ఆవిడే ఆత్మకథలో రాసుకుంది. చేతిలో డబ్బులు కరిగిపోయాక, 36 ఏళ్ల వయసులో కొన్ని నెలల్లో ఇంగ్లీషు నేర్చుకుని, 1877 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టేజీ ఎక్కింది. అసలు ఇంటిపేరు ఇక్కడివాళ్లకి నోరు తిరగదని మొజెస్కాగా కత్తిరించారు (మన పేర్లకి జరిగేదే). యాస చివరిదాకా పోలేదు, అయినా ఆ యాసతోనే అమెరికా అంతా తిరిగి షేక్‌స్పియర్ ఆడింది. ఆ క్యాన్యన్‌లో ఆవిడ ఇల్లుంది, దానికి ఆ పేరు అందుకే. ఇంటికి పెట్టిన పేరు ఆర్డెన్. షేక్‌స్పియర్ నాటకం ‘యాజ్ యూ లైక్ ఇట్’లో తను వేసిన రోజలిండ్ పాత్ర తిరిగే అడవి పేరే అది.

గోదారి_గట్టు:
"వెళ్లగొట్టారు" అనేది సగమే నిజం. వచ్చింది తన ఇష్టంతోనే. అప్పటికి పోలండ్‌ని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో జరిగిన మహిళల సభలో ఆవిడ ఈ పంపకం గురించి గట్టిగా మాట్లాడింది, దాంతో రష్యా జార్ ప్రభుత్వం ఆవిణ్ణి తన గడ్డ మీద అడుగు పెట్టనివ్వలేదు. అంటే ఆవిడకి పేరు తెచ్చిపెట్టిన వార్సా రష్యా కింద ఉంది కాబట్టి అక్కడికి తలుపు మూసుకుపోయింది, క్రాకో ఆస్ట్రియా కింద ఉంది కాబట్టి అక్కడికి మాత్రం వెళ్లగలిగింది. 1909లో న్యూపోర్ట్ బీచ్ దగ్గర చనిపోతే తీసుకెళ్లి క్రాకోలోనే సమాధి చేశారు.

ఓక్లండ్_రాజు:
ఒక్క మాట. ఆ కొడుకే వంతెనల ఇంజినీర్ రాల్ఫ్ మొజెస్కీ, శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండ్‌లని కలిపే బే బ్రిడ్జి కట్టినప్పుడు సలహా ఇంజినీర్ల బోర్డు ఛైర్మన్. రోజూ పొద్దున దాని మీద ట్రాఫిక్‌లో నలిగే మనవాళ్లు ఎంతమందో!

ఇర్విన్_కిట్టు:
థాంక్సండీ అందరికీ. ఆవుల సంగతి చెప్తే మా అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.