కొరియా బంగారు గబ్బిలం: ఒక జాబితాలో భయం లేదు, ఇంకోదాంట్లో అంతరించే దశ?

ప్రశ్న: దక్షిణ కొరియా గబ్బిలాల గురించి చదువుతున్నాను. మయోటిస్ రూఫోనైగర్, అదే బంగారు గబ్బిలం, ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) వాళ్ల రెడ్ లిస్టులో, అంటే ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే జాబితాలో, పెద్దగా ప్రమాదం లేనిదట, కొరియా ప్రభుత్వం మాత్రం దాన్ని మొదటి శ్రేణి అంతరించే జీవుల్లో పెట్టింది. ఏది నమ్మాలి?

రాత్రిపక్షి: రెండూ నిజమే. రెడ్ లిస్టు ప్రపంచం మొత్తాన్ని చూస్తుంది, ఈ జాతి చైనా, తైవాన్, వియత్నాంలోనూ ఉంది కాబట్టి లెక్క అలా వచ్చింది. కొరియాలో మాత్రం చాలా తక్కువ. 2005లో సహజ స్మారకం (అక్కడ చట్టం కాపాడే ప్రకృతి సంపద) నంబర్ 452గా కూడా ప్రకటించారు.

గుహలపిచ్చి: అసలు తలనొప్పి చలికాలంలోనే. గుహల్లో, మూతపడిన గనుల్లో తలకిందులుగా వేలాడుతూ నెలల తరబడి నిద్రపోతుంది. ఒళ్లంతా నారింజ రంగు, రెక్కల మీద నల్ల మచ్చలు, టార్చి వేస్తే ఎండుటాకు అనుకుంటాం. మధ్యలో ఎవరైనా లేపితే దాచుకున్న కొవ్వు కరిగిపోతుంది, మళ్లీ తినడానికి పురుగులుండవు. గని నోరు మూసేస్తే ఆ చోటూ పోయినట్టే.

రాత్రిపక్షి: అన్నట్టు, ఈ గబ్బిలాలున్న దక్షిణ కొరియా ప్రాంతం హాంప్యోంగ్‌లో 2008లో 162 కిలోల బంగారంతో వాటికి విగ్రహం చేయించారు! దానికి కాపలా బాగానే ఉంది, గుహలకే కాస్త ఎక్కువ కావాలి.

ప్రశ్న అడిగినవారు: 162 కిలోలా?! సరే, అర్థమైంది, థాంక్స్.