"మగుడ నుడుగఁడు"నా, "మగఁడు నుడువఁడు"నా? థ్రస్ట్ రివర్సర్ వ్యాసానికి శీర్షిక కావాలి

గాలిమర: థ్రస్ట్ రివర్సర్ల మీద, అంటే నేల దిగిన విమానం వేగం తగ్గడానికి ఇంజన్ గాలిని మళ్లించే ఏర్పాటు మీద వ్యాసం రాస్తున్నాను. ఇంటర్‌లాక్ (వేళ కాని వేళ అది తెరుచుకోకుండా పట్టే తాళాలు) భాగానికి పోతన గజేంద్రమోక్షంలోని కందం ముక్క పెడదామని ఉంది. చెప్పకుండా పరుగెత్తే విష్ణువుని అడగబోయి, బదులు చెప్పడేమోనని లక్ష్మీదేవి ఆగిపోయే పద్యం. "అడిగెద నని కడువడిఁ జను, నడిగినఁ..." దాకా బాగానే ఉంది, ఆపైన రెండు పాఠాలు నోట్లో నలుగుతున్నాయి. "దను మగుడ నుడుగఁ డని"నా, "దన మగఁడు నుడువఁ డని"నా? నాకు కావలసింది మగుడ. అది లేకపోతే శీర్షిక నిలవదు.

కందపద్యం: మగఁడు నోటి పాఠం. లక్ష్మీదేవి మాట కదా, మొగుణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. ఛందస్సుని అడిగి లాభం లేదు. రెండు పాఠాల్లోనూ పాదంలో మూడో గణం నలమే (నాలుగు లఘువులు), యతి "అడిగిన"కి "అని"తో, అది ఎటూ కదలదు. అర్థంతోనే తేల్చుకోవాలి.

రివెట్టు: పాఠం సంగతి మీరు చూడండి గానీ, రివర్సర్‌కి మగుడ పనికిరాదండీ. మగుడుట అంటే వచ్చిన దారినే తిరిగిపోవడం. 737లోని సీఎఫ్ఎం56-7బీ ఇంజన్ తీసుకోండి. కోర్ (ఇంధనం మండే లోపలి భాగం) నుంచి వచ్చే వేడి జెట్ రివర్స్‌లో కూడా ఎప్పటిలా వెనక్కే పోతుంది, దాన్నెవరూ ఆపరు. మళ్లేది కోర్ చుట్టూ ఫ్యాన్ తోసే గాలి ఒక్కటే. ఇంజన్ కవచంలో జరిగే ముక్క, అదే స్లీవ్, వెనక్కి జరుగుతుంది, డ్రాగ్ లింకులు బ్లాకర్ డోర్లను డక్ట్‌లోకి లాగుతాయి, దారి మూసుకుపోయిన గాలి కాస్కేడ్ వేన్ల (గాలిని వంచే రెక్కల వరుస) సందుల్లోంచి పక్కలకీ కొంత ముందుకీ తన్నుకొస్తుంది. మరీ ముందుకు వంచితే ఇంజన్ ఆ గాలినే మళ్లీ మింగి సర్జ్ అవుతుంది, అంటే లోపలి ప్రవాహం తడబడుతుంది. అందుకే కాస్కేడ్ పెట్టెలన్నీ ఒకే కోణంలో ఉండవు. ఫ్యూజిలాజ్ వైపువి ఒక తీరు, రన్‌వే వైపువి ఇంకో తీరు. ఒకచోటి పెట్టె ఇంకోచోట బిగిస్తే డిజైనర్ వేసిన లెక్కంతా పోతుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా 60 నాట్ల దగ్గరికొచ్చేసరికి ఐడిల్ రివర్స్‌కి, అంటే రివర్స్‌లో కనీస శక్తికి తగ్గించుకోమంటారు.

గాలిమర: మగుడుట అంటే సరిగ్గా 180 డిగ్రీలని ఏ నిఘంటువులో ఉందండీ?

కందపద్యం: అసలిక్కడ మగుడకి వెనక్కి అనే అర్థమే లేదు. మగుడ నుడుగుట అంటే మారుపలకడం. నుడుగు, నుడువు ఒకటే. పగడం-పవడం, తగులు-తవులు లాగా గ, వ మారుతుంటాయి.

అరసున్న: మగుడన్ + ఉడుగఁడు అని విడదీసి చూడండి. ఆయన వెళ్లడం ఉడగడు, అంటే మానడు, అందుకని ఈమె "నడ యుడుగున్". ఉడుగఁడు, ఉడుగున్ ఎదురెదురుగా నిలబడితే ఎంత అందంగా ఉంది! పోతన ఊరికే వేస్తాడా ఆ రెండూ?

కందపద్యం: అందం సరే, "తను" ఏం కావాలి? అది ద్వితీయ, "తనతో" అని. ఉడుగుట అంటే మానడం, "తను" అనే కర్మకి అక్కడ చోటు లేదు.

అరసున్న: "తన" అని ఉన్న పాఠం తీసుకుంటే?

కందపద్యం: "తన మగుడ" ఏమిటండీ, షష్ఠికి విశేష్యం ఏదీ? ఆ తిప్పలు పడలేకే మగఁడు వచ్చి ఉంటాడు.

లాచ్: గాలిమర గారూ, మీ ఇంటర్‌లాక్‌కి మారుపలకడమే కావాలి. అడిగేది రివర్స్ లివర్. ఇందాకటి ఇంజన్ ఉన్న 737 రకం, ఎన్‌జీలో, ఎయిర్-గ్రౌండ్ సెన్సర్ నేల అనాలి, లేదా రేడియో ఆల్టిమీటర్ 10 అడుగుల లోపు చూపాలి. ఆ రెంటిలో ఏదీ లేకపోతే అడిగినా నుడుగకూడదు. స్లీవ్‌లు చాలావరకు తెరుచుకునేదాకా లివర్‌ని కూడా ఇంకా పైకి లాగనివ్వదు.

లౌడా ఎయిర్ 004 విమానంలో అడగకుండానే పలికింది. 1991 మే 26న బ్యాంకాక్ నుంచి వియన్నా వెళ్తున్న 767లో ఎడమ రివర్సర్ గాలిలో తెరుచుకుంది, 223 మందీ పోయారు. గాలిలో తెరుచుకున్నా విమానాన్ని పట్టుకోవచ్చని అంతకుముందు అనుకున్నది తక్కువ వేగంలో చేసిన పరీక్షలను చూసి. ఇక్కడ సుమారు 24,700 అడుగులు, మాక్ 0.78 (ధ్వని వేగంలో 0.78 వంతు). రివర్సర్ గాలి రెక్క మీది ప్రవాహాన్ని చెదరగొట్టింది, ఆ వైపు లిఫ్ట్ పావు వంతు పడిపోయింది. పైలట్‌కి దొరికింది నాలుగు నుంచి ఆరు సెకన్లు. తర్వాత సింక్ లాక్ చేర్చారు. స్లీవ్‌ని కదిపే యాక్చుయేటర్లను కలిపే ఫ్లెక్సిబుల్ షాఫ్ట్‌ని అది పట్టి ఉంచుతుంది. షాఫ్ట్ తిరగకపోతే వాల్వ్ పొరపాటున ప్రెషర్ వదిలినా స్లీవ్ కదలదు. దాని కరెంటు దారి కూడా వేరు. ఒకే తప్పుతో అన్ని తాళాలూ ఊడకూడదు.

రివెట్టు: ఇంటర్‌లాక్‌లో ఇంకో చిక్కుంది. 1996 అక్టోబర్ 31న సావో పాలో కొంగోన్యాస్‌లో టేకాఫ్ అవుతున్న ఫోకర్ 100లో కుడి రివర్సర్ తెరుచుకోగానే దానికి కలిపిన ఫీడ్‌బ్యాక్ కేబుల్ త్రాటిల్‌ని ఐడిల్‌కి లాగింది. కాక్‌పిట్‌లో దాన్ని బలవంతంగా మళ్లీ ముందుకు తోశారు. లాగడంలో కేబుల్ తప్పేమీ లేదు, ఎందుకు లాగిందో చెప్పే నాథుడు లేడు.

ఇక మీ శీర్షిక. బ్లాకర్ డోర్ల భాగానికి అదే గజేంద్రమోక్షంలోని "తన వెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతము" పెట్టండి, అచ్చంగా సరిపోతుంది. స్లీవ్ వెంట లింకు, లింకు వెంట డోరు.

అరసున్న: అవరోధవ్రాతం! బ్లాకర్ డోర్ల గుంపుకి అంతకన్నా మంచి తెలుగు ఎక్కడ దొరుకుతుంది?

కందపద్యం: అది అంతఃపుర స్త్రీలండీ బాబూ.

లాచ్: సీఎఫ్ఎం56-5బీ ఉన్న ఏ320లో ఆ అంతఃపురంలో నలుగురే. అక్కడ కాస్కేడ్లు లేవు, జరిగే స్లీవ్ లేదు. ఒక్కో నాసెల్‌కి (ఇంజన్ కవచం) నాలుగు పివట్ డోర్లు, ఒక్కోదానికి ఒక హైడ్రాలిక్ యాక్చుయేటర్, ఒక లాచ్. తెరవమన్నా ముందు కాస్త లోపలికే లాగుతుంది. లాచ్ మీది బరువు దిగాకే కొక్కెం వదులుతుంది. అదే ఏ320కి వీ2500 ఇంజన్ వేస్తే మళ్లీ స్లీవ్, కాస్కేడ్లే. కాబట్టి "ఏ320 రివర్సర్" అని ఊరికే రాయకండి, ఏ ఇంజనో చెప్పాలి.

గాలిమర: ఏ ఇంజనో రాస్తాను. మగుడా మగఁడా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

అరసున్న: ఆ లోపలికి లాగడం వింటే నాకు చివరి పాదం గుర్తొస్తోంది. "నడు గిడు నడుగిడదు జడిమ నడు గిడు నెడలన్". వేద్దామనుకున్న అడుగు పడదు. ఇక్కడ జడిమ (మందగించడం) "అడుగిడదు"కి చేరుతుందా, "అడుగిడు నెడలన్"కి చేరుతుందా?

కందపద్యం: "అడుగిడదు" దగ్గర ఆగాలి. జడిమన్ అని తృతీయార్థం.

అరసున్న: అక్కడ ఆగితే "నెడలన్" వేలాడుతుంది కదండీ. ఇందాక నా కర్మ వేలాడిందన్నారు!