ట్రయల్స్ సైకిల్ వెనక బ్రేక్ వెనక్కి మాత్రమే జారుతోంది, ప్యాడ్లు మార్చాలా?

నాది 20 అంగుళాల ట్రయల్స్ సైకిల్ (కాలు కింద పెట్టకుండా అడ్డంకుల మీదుగా దూకించేది). వెనక హైడ్రాలిక్ రిమ్ బ్రేక్, మినరల్ ఆయిల్‌తో నడిచేది. ముందుకు వెళ్తూ లివర్ నొక్కితే చక్రం టక్కున ఆగుతుంది. వెనక చక్రం మీద హాప్ చేసేటప్పుడే (బ్రేక్ పట్టి ఆ చక్రం మీదే గెంతేటప్పుడు) ఇబ్బంది. కింద పడగానే గట్టిగా పట్టి, వెంటనే ఒక అంగుళం దాకా వెనక్కి జారుతుంది, కిర్రుమని చప్పుడుతో. రిమ్ తడిగా ఉంటే ఇంకా ఎక్కువ.

మొదట చైన్ మీద అనుమానపడ్డాను. చైన్ సాగుదల కొలిచే చెకర్‌తో చూస్తే 0.5 శాతం కూడా సాగలేదు. సుద్దతో ప్యాడ్ నుంచి రిమ్, టైరు మీదుగా ఒకే గీత గీసి హాప్ చేశాను. రిమ్, టైరు కలిసే కదిలాయి, ప్యాడ్ దగ్గర గీత విడిపోయింది. కాబట్టి జారేది బ్రేకే.

ఆయిల్ మార్చి గాలి తీసేశాను, లివర్ సగంలోనే రాయిలా ఆగుతోంది. రిమ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్యాడ్లను 120 నంబర్ గరుకు కాగితంతో రుద్దాను. కాసేపు బాగుండి మళ్లీ మామూలే. ప్యాడ్లు రిమ్‌కి పూర్తిగా ఆనుతున్నాయి. బ్రేక్ దగ్గర ఫ్రేమ్‌ను గట్టిగా పట్టి ఉంచే బూస్టర్ ప్లేట్ బిగించాక ఫ్రేమ్ విచ్చుకోవడం తగ్గింది, జారడం తగ్గలేదు.

ఇక మిగిలింది రిమ్. ప్యాడ్లకు పట్టు దొరకాలని దాని మీద గ్రైండర్‌తో పెట్టిన గరుకు చాలావరకు అరిగి నున్నబడింది. రిమ్ గోడ ఇప్పటికే పలచబడింది, పోయిన లోహం తిరిగి రాదు కదా, అందుకే మళ్లీ గ్రైండర్ పట్టడానికి జంకుతున్నాను. ఇప్పుడున్నవి గట్టి రకం ప్యాడ్లు.

ఇలా అరిగిన రిమ్ మీద మెత్తటి ప్యాడ్లు వేస్తే వెనక్కి జారడం ఆగుతుందా, లేక మళ్లీ గ్రైండ్ చేయక తప్పదా?