విన్‌ఫామ్స్‌లో క్రాస్‌ఫేడ్: మధ్యలో ఫోటో మసకబారుతోంది, కుదుపూ ఉంది

ప్రశ్న:
సీ షార్ప్‌లో, విన్‌ఫామ్స్ (విండోస్ డెస్క్‌టాప్ యాప్‌ల ఫ్రేమ్‌వర్క్) వాడి, ఒక ఫోటో కరుగుతూ మరొకటి తేలే (క్రాస్‌ఫేడ్) స్లైడ్‌షో రాస్తున్నాను. టి అంటే ఫేడ్ ఎంతవరకు జరిగిందో, 0 నుంచి 1 దాకా. ప్యానెల్ పెయింట్ ఈవెంట్‌లో పాత ఫోటోని (1 − టి) ఆల్ఫాతో (ఆల్ఫా 0 అంటే పూర్తి పారదర్శకం, 1 అంటే పూర్తిగా కప్పేది), దాని మీద కొత్తదాన్ని టి ఆల్ఫాతో గీస్తున్నాను. ఆల్ఫా కోసం కలర్‌మ్యాట్రిక్స్‌లో మ్యాట్రిక్స్33 వాడాను. బ్యాక్‌గ్రౌండ్ నలుపు. టైమర్ 20 మిల్లీసెకన్లు, టిక్‌కి టి 0.02 పెరుగుతుంది. రెండు సమస్యలు: సగం దారిలో బొమ్మ చీకటిగా అవుతోంది, ఒక సెకనులో అవ్వాల్సింది రెండు సెకన్లు దాటుతోంది. ఎక్కడ తప్పు?

జవాబు 1:
చీకటికి కారణం పాత ఫోటోని కూడా పలచన చేయడమే. రెండు పూర్తి తెల్ల బొమ్మలతో లెక్క వేయండి. టి = 0.5 దగ్గర మొదటిది నలుపు మీద పడి 128 అవుతుంది. దాని మీద రెండోది సగం పడితే 191. రెండూ తెలుపే అయినా 255 రావట్లేదు, పావు వంతు నలుపు కిందనుంచి తొంగిచూస్తోంది. పాతదాన్ని పూర్తి ఆల్ఫాతోనే గీసి, కొత్తదానికి మాత్రం టి ఇవ్వండి. ఫలితం సరిగ్గా పాత × (1 − టి) + కొత్త × టి.

టైమర్ సంగతి: ఫామ్స్ టైమర్ కచ్చితత్వం 55 మిల్లీసెకన్లని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. పైగా క్యూలో వేరే మెసేజ్‌లు ఉంటే టిక్ వెనకపడుతుంది. టిక్‌లు లెక్కపెట్టకండి. స్టాప్‌వాచ్ పెట్టి, గడిచిన కాలాన్ని మొత్తం వ్యవధితో భాగిస్తే అదే టి. ఫ్రేములు తగ్గినా ఫేడ్ సమయానికి ముగుస్తుంది.

జవాబు 2:
కుదుపు అసలు కారణం స్కేలింగ్ అయ్యుండాలి. 4000 × 3000 ఫోటో మెమరీలో 48 ఎంబీ. దాన్ని ప్రతి ఫ్రేముకీ కుదించి గీయడం ఏ మెషీన్‌కైనా బరువే. ఫేడ్ మొదలుపెట్టే ముందే ప్యానెల్ సైజుకి, 32బీపీపీ పీఆర్జీబీ ఫార్మాట్ (రంగు విలువలను ముందే ఆల్ఫాతో గుణించి ఉంచేది) బిట్‌మ్యాప్‌లోకి ఒక్కసారి హైక్వాలిటీ బైక్యూబిక్ (నాణ్యమైన కుదింపు పద్ధతి)తో దించుకోండి. అప్పుడు ర్యాప్‌మోడ్ (బొమ్మ అంచు దాటితే ఏ పిక్సెళ్లు తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) టైల్‌ఫ్లిప్‌ఎక్స్‌వై పెట్టకపోతే అంచుల్లో సన్నని మసక గీత మిగులుతుంది. ఫేడ్ జరిగేటప్పుడు నియరెస్ట్ నైబర్ (ముతకదైనా వేగమైన పద్ధతి) చాలు. డ్రాఇమేజ్‌కి ఎక్స్, వై మాత్రమే ఇస్తే బిట్‌మ్యాప్ డీపీఐని బట్టి సైజు మారిపోతుంది, రెక్టాంగిల్ ఇవ్వండి.

మిణుకు కూడా ఉంటే డబుల్‌బఫర్డ్ ట్రూ చేయాలి. ప్యానెల్‌లో అది ప్రొటెక్టెడ్ కాబట్టి ఇన్‌హెరిట్ చేసి కన్‌స్ట్రక్టర్‌లో పెట్టండి. పాత బిట్‌మ్యాప్‌ని ఫేడ్ అయ్యాక డిస్పోజ్ చేయడం మరిచిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
చీకటి పోయింది, వేగమూ బాగుంది, థాంక్సండీ. కానీ అడ్డం ఫోటో తర్వాత నిలువు ఫోటో వస్తే, పక్కల్లో పాతది చివరిదాకా ఉండి ఒక్కసారిగా మాయమవుతోంది.

జవాబు 1:
అక్కడ కొత్త ఫోటో లేదు కదండీ, పాతదాన్ని కప్పేదేమీ లేదు. కుదించేటప్పుడే ప్యానెల్ సైజు బిట్‌మ్యాప్‌ని క్లియర్‌తో నలుపు నింపి, ఫోటోని మధ్యలో గీయండి. పక్క నలుపు కూడా ఫేడ్‌లో భాగమవుతుంది.

జవాబు 3:
పారదర్శక పీఎన్‌జీ లోగోలకి ఈ ఉపాయం పనికిరాదు, కింద అసలు బ్యాక్‌గ్రౌండ్ కనిపించాలి కాబట్టి. అప్పుడు లాక్‌బిట్స్‌తో (బిట్‌మ్యాప్ మెమరీని నేరుగా అందించే మెథడ్) పిక్సెళ్లు తీసుకుని, నాలుగు ఛానెళ్లకీ పాత + (కొత్త − పాత) × ఏ / 256 లెక్కించండి, ఏ అంటే 0 నుంచి 256 దాకా స్కేలులో టి. ఇది పీఆర్జీబీ విలువల మీదే చేయాలి. మామూలు ఏఆర్జీబీలో (ఆల్ఫాతో గుణించని రంగులు) చేస్తే పారదర్శక పిక్సెళ్లలో దాగిన రంగులు అంచుల్లో బయటపడతాయి.