పాప చీర ముక్క వదలట్లేదు, జూన్‌లో ప్లే స్కూల్‌కి ఎట్లా పంపాలి?

మిర్యాలగూడ అమ్మ:
అందరికీ నమస్తే. మా పాపకు రెండేళ్లు దాటాయి. మా అత్తమ్మ పాత నారాయణపేట కాటన్ చీరతోనే పాపకు తొట్టెల కట్టాం. తర్వాత చీర చినిగిపోతే అంచు బాగున్న చోట మూరెడు ముక్క కత్తిరించి, చుట్టూ కుట్టి ఇచ్చింది, మూతి తుడవడానికి పనికొస్తుందని. ఇప్పుడు అది లేనిదే నిద్ర లేదు. అంచు కొసను ముక్కుకు రాసుకుంటూ బొటనవేలు నోట్లో పెట్టుకుంటుంది, బస్సులో అయినా పెళ్లిలో అయినా అంతే. ఉతికిన రోజు పెద్ద లొల్లి, దండెం కింద నిలబడి ఒకటే ఏడుపు, తీరా ఆరాక ఇస్తే వాసన చూసి విసిరికొడుతుంది. అదే రంగు, అదే గళ్ల బట్ట కొత్తది తెస్తే దాన్ని ముట్టుకోను కూడా లేదు.

జూన్‌లో ప్లే స్కూల్‌లో వేయాలి. అక్కడి మేడం ఈలోపు ఇంట్లోనే మాన్పించమన్నారు. ఆడబిడ్డేమో దానికి వేపాకు నూరి రాయమంటుంది. మా ఆయన ఫోన్ ఇచ్చి మరిపిద్దాం అంటాడు, అదింకో రోగం. అత్తమ్మ ఒక్కతే ‘దాని జోలికి పోకండి’ అంటుంది. నాకేమో, నా దగ్గర ఏదో తక్కువై పిల్ల ఆ గుడ్డను పట్టుకుందా అని టెన్షన్. ఏం చేయాలో చెప్పండి.

కోదాడ నాన్న:
ఇంత ఆలోచించడం ఎందుకండీ. మావాడికి దిండు గలీబు పిచ్చి ఉండేది, పారేశాం, రెండు రాత్రులు ఏడ్చి మర్చిపోయాడు. పిల్లలు దేన్నైనా మర్చిపోతారు.

పాలమూరు అక్క:
చెల్లె, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. నేను సైకాలజీ చదివాను కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా. డోనాల్డ్ వినికాట్ అని ఇంగ్లండ్‌లో పిల్లల డాక్టర్ ఉండేవాడు, 1953లో అచ్చయిన ఆయన వ్యాసం ఈ గుడ్డముక్కల మీదే. తల్లి వేరు, తాను వేరు అని బిడ్డకు మెల్లగా తెలిసొచ్చే కాలంలో మధ్యలో పట్టుకోవడానికి ఒకటి కావాలి, అది తల్లి కాదు, పూర్తిగా బయటి వస్తువూ కాదు అంటాడు. ప్రేమ తక్కువై వచ్చేది కాదు ఇది, మామూలుగా పెరిగే పిల్లల్లో కనిపించేదే. ఇంకో మాట కూడా రాశాడు, అది వింటే మీ అత్తమ్మ సంతోషిస్తుంది: ఆ గుడ్డ మాసినా కంపు కొట్టినా తల్లి ఊరుకుంటుందట, ఎందుకంటే ఉతికితే బిడ్డకు ఆ తెగని బంధం మధ్యలో తెగినట్టవుతుందని ఆమెకు తెలుసు. మీ పాప విసిరికొట్టేది అందుకే. పాలు, చొంగ, ఇంటి వాసన అన్నీ సబ్బుతో పోయాయి కదా.

కొత్త గుడ్డ ఎందుకు వద్దందో కూడా చెప్తా. బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే ఇద్దరు 2008లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఒక ఉత్తుత్తి మెషిన్ చూపించి, నీ బొమ్మకు అచ్చం అలాంటిదే ఇంకోటి చేసిస్తుంది అన్నారు. నిద్రలో పట్టుకునే బొమ్మ ఉన్న పిల్లల్లో కొందరు దాన్ని మెషిన్‌లో పెట్టనియ్యనే లేదు, పెట్టనిచ్చిన వాళ్లలో కూడా ఎక్కువమంది నాది నాకే ఇవ్వమన్నారు. కాబట్టి గళ్లు కలిసినా లాభం లేదు.

కోదాడ అన్నా, మీవాడు మర్చిపోయి ఉండొచ్చు, అలాంటి పిల్లలూ ఉంటారు. కానీ అమ్మను వదిలి బడికి పోవాల్సిన నెలలోనే గుడ్డ కూడా లాగేసుకుంటే పిల్ల దేన్ని పట్టుకుని నిలబడాలి? వేపాకు మాట అసలే వద్దు. చేదు తగిలేది నమ్ముకున్న దాంట్లోంచి.

మక్తల్ నుంచి:
నేను సలహా ఇచ్చేవాణ్ని కాదు, ఊరికే రాస్తున్నా. మా వైపు వలసలు ఎట్లా ఉండేవో తెలుసు కదా, అమ్మానాన్న పనికి బొంబాయి పోతే మేం అవ్వ దగ్గర. మా తమ్ముడికి అమ్మ పాత రవిక ఒకటి ఉండేది, అవ్వ దాన్ని ఉతకనిచ్చేది కాదు, ఎవరేమన్నా వినలేదు. వాడు పెద్దయ్యాక లారీ నడుపుతున్నాడు, ఏమీ కాలేదు.

దేవరకొండ టీచర్:
అంగన్‌వాడీలో పనిచేస్తా, మా దగ్గరికి మూడేళ్ల పిల్లలు వస్తారు. తువ్వాల, దిండు, ఒకడైతే వాళ్ల తాత రుమాలు. నేను లాక్కోను. వచ్చేటప్పుడు చేతిలో ఉంటుంది, ఆటలో పడితే వాళ్లే పక్కన పడేస్తారు, మధ్యాహ్నం పడుకునేటప్పుడు మళ్లీ అడుగుతారు. మీ మేడంతో ఒకసారి కూర్చొని మాట్లాడండి, బ్యాగులో ఉంటుంది, పడుకునేటప్పుడు మాత్రం ఇవ్వండి అని. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే నేనైతే వేరే స్కూల్ చూస్తా.

ఇంట్లో ఇప్పటి నుంచే ‘ఇది మంచం మీద ఉంటుంది’ అని చోటు చెప్పండి. బజారుకు పోయేటప్పుడు పాప చేతే దాన్ని దిండు మీద పడుకోబెట్టించి పోండి. ఉతకడం అయితే మధ్యాహ్నం పాప పడుకున్నాక, వాసన లేని సబ్బుతో. మన ఎండకు అది లేచేలోపు ఆరుతుంది. కంఫర్ట్ లాంటివి వేయకండి.

బండి మీద మాత్రం జాగ్రత్త. ముందు కూర్చోబెట్టుకుంటే ఆ ముక్క జారి చక్రంలో పడుతుంది, చున్నీలు పడ్డట్టే. బ్యాగులో పెట్టి జిప్ వేయండి. అంచు దారాలు ఊడితే కత్తిరించండి, వేళ్లకు చుట్టుకుంటాయి. ఇంకోటి, ఇది చదివే చంటిపిల్లల తల్లులకు: ఏడాది నిండని బిడ్డ పక్కలో ఇలాంటి గుడ్డలు, మెత్తటి బొమ్మలు పెట్టొద్దు, ముఖం మీద పడితే తీసేసుకోలేరు. మీ పాప రెండేళ్లు దాటింది కాబట్టి పర్లేదు.

మిర్యాలగూడ అమ్మ:
అందరికీ థ్యాంక్స్. అక్కా, నువ్వు రాసింది అత్తమ్మకు చదివి వినిపించా, పొద్దున్నుంచి ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఇంగ్లండ్ డాక్టర్ సంగతి చెప్తోంది. ఒక డౌట్. ఇది చిరిగిపోతే గానీ పోతే గానీ ఏం చేయాలి? దీన్నే రెండు ముక్కలు చేయనా?

పాలమూరు అక్క:
కత్తెర పెట్టకు, పిల్ల కనిపెడుతుంది. ఆ చీరలో మిగతాది ఏమైంది?

మిర్యాలగూడ అమ్మ:
బొంతలో వేసి కుట్టేసింది అత్తమ్మ.

పాలమూరు అక్క:
అయితే పని తేలికే. ఒక ముక్క విప్పి, ఉతక్కుండా రోజూ పాతదాంతో కలిపి పాప పక్కలో పెట్టు. ఆ వాసన పట్టాక రెండూ మార్చి మార్చి ఇవ్వు, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి చేతిలో ఉంటుంది. ఒప్పుకుంటుందని గ్యారంటీ లేదు గానీ బజారు గుడ్డ కంటే నయం. కుట్లు విప్పే ముందు ఆ బొంత ఎవరు కప్పుకుంటారో అడుగు.

మిర్యాలగూడ అమ్మ:
మా ఆయన. చలికాలం దాకా ఆయనకు తెలియదులే.